మాధవికి, పొడుల డబ్బాతో పాటు

బుచ్చిరెడ్డిపాళెం,
ఆదివారం

చిరంజీవి మాధవికి నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తున్నాము. తలవడమే తప్ప తెలుసుకునే దారి ఈ మధ్య లేకుండా పోయింది. ఫోను చేస్తే ‘మీటింగులో ఉన్నాను నాన్నా, మళ్లీ చేస్తాను’ అంటావు. ఆ మళ్లీ ఎప్పుడొస్తుందో పంచాంగంలో కూడా రాయలేదు. ఉత్తరానికైతే మీటింగు అడ్డం రాదు కదా అని కాగితం తీశాను.

కోతలు అయిపోయాయి. కనిగిరి రిజర్వాయరు కింద ఈసారి నీళ్లకు ఇబ్బంది రాలేదు. సంగం దాకా రోడ్డు పక్కన ఎక్కడ చూసినా వడ్లే ఆరబోసి ఉన్నాయి, స్కూటరుకు దారి లేదు. మొలగొలుకులు పండించేవాళ్లే లేరని మీ పెదనాన్న ఈ ఏడూ బాధపడ్డాడు, పడి మళ్లీ సన్నరకమే వేశాడు. గేదె ఈనింది, పెయ్యదూడ. మీ అమ్మ జున్ను వండి వీధంతా పంచి, నీ వాటా అంటూ ఒక గిన్నె ఫ్రిజ్‌లో దాచి దాచి చివరికి నాకు పెట్టింది. శేషమ్మత్త మోకాలి ఆపరేషను తరువాత కర్ర లేకుండా కోదండరామస్వామి గుడి దాకా వెళ్లి వస్తోంది. చిన్నోడు పరీక్షలు బాగా రాశానంటున్నాడు. ఆ మాట మీద ఆశలు పెట్టుకోవద్దని మీ వదిన అంటోంది.

ఇంతకు మించి విశేషాలు లేవు. మస్తానయ్య కొడుకు ఊరికి వచ్చి వెళ్లాడు. మీ వీధికి దగ్గరలోనే ఉంటున్నాడట కదా. ఒకరోజు పొద్దున్నే నిన్ను ఏదో ఆసుపత్రి మెట్ల దగ్గర చూశాడట. ముంజేతి మీద దూది, దాని మీద ప్లాస్టరు ఉన్నాయట. పలకరిస్తే ‘ఏమీ లేదన్నా, కొంచెం గ్యాస్’ అన్నావట. ఇదంతా మీ అమ్మ వింటుండగానే చెప్పాడు ఆ బుద్ధిమంతుడు. రక్తదానం చేసి ఉంటుందిలే అని నేను సర్దిచెప్పాను. ఉద్యోగమంతా ఆరోగ్యశాఖలోనే చేసినవాణ్ణి, రక్తం ఇచ్చినవాళ్లకు ప్లాస్టరు మోచేతి మడత దగ్గర ఉంటుందని, సెలైను పెట్టినవాళ్లకే ముంజేతి మీద ఉంటుందని నాకు తెలియదా? సరే, అది వదిలేద్దాం. ఈ ఉత్తరం అందుకోసం కాదు.

డబ్బాలో ఏమేమి పెట్టామో, ఎలా వాడుకోవాలో రాయమని మీ అమ్మ అన్నది. అందుకని. కరివేపాకు పొడి, అవిసె గింజల పొడి, నువ్వుల పొడి వేరువేరు సీసాల్లో ఉన్నాయి. నల్ల శనగలు, అలసందలు, పెసలు గుడ్డ సంచుల్లో ఉన్నాయి. రాగి పిండి మర పట్టించిందే, జల్లించలేదు, నువ్వు కూడా జల్లించకు. చేపల పులుసు పంపడం కుదరదు. మీ అమ్మ మామిడికాయ వేసి నిన్న వండింది, మర్నాటి పులుసు రుచి నీకు చెప్పనక్కరలేదు. తినాలంటే నెల్లూరు రైలెక్కాలి.

పొడి అన్నం మీద చల్లుకుని వదిలేసే అలంకారం కాదు. ముందు ఆ పిడికెడు తెల్లన్నం సంగతి చూడు. వండిన తెల్లన్నం 100 గ్రాముల్లో పీచు ఒక గ్రాము కూడా ఉండదు. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, 400 గ్రాముల కూరగాయలు, పండ్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నువ్వు సంక్రాంతికి వచ్చినప్పుడు గమనించాను. మధ్యాహ్నం భోజనం నాలుగింటికి, అదీ ఫోను చూస్తూ. గుత్తివంకాయలో మసాలా తిని కాయ వదిలేశావు. రాత్రి పదకొండుకు పెరుగన్నం తిని వెంటనే పడుకున్నావు. పొట్టలో అన్నం ఉండగా మనిషి పడుకుంటే ఆమ్లం గొంతు దాకా రాదా? తినడానికీ పడుకోవడానికీ మధ్య రెండు మూడు గంటలు ఉండాలి. నేను అప్పుడే అనబోయాను, పండుగ పూట ఎందుకని మీ అమ్మ కాలు తొక్కింది.

ఒక గుప్పెడు శనగలు రాత్రి నానబెట్టి పొద్దున్నే కుక్కరులో పెట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఉడికిన శనగలు 100 గ్రాముల్లో పీచు 7 గ్రాముల పైనే ఉంటుంది. ఒక జామకాయ, తొక్కతో. అలసందలు గుగ్గిళ్లు చేసుకో, పోపులో ఎండుమిర్చి, కొబ్బరి వేసి. ఆకుకూర రోజూ ఉండాలి. కానీ ఒక్కసారిగా వేటినీ మొదలుపెట్టకు. ఇన్నాళ్లూ పీచు ఎరగని పొట్టలో ఒకేరోజు కిలో శనగలు పోస్తే ఉబ్బి, ‘నాన్న మాట విన్నందుకు ఇలా అయింది’ అంటావు. వారం వారం కొద్దిగా పెంచు, దాంతో పాటు నీళ్లు పెంచు. నీళ్లు లేని పీచు ఉన్న మలబద్ధకాన్ని ఇంకా బిగిస్తుంది.

ఆ పీచు మనం అరిగించుకోలేము. చిన్నపేగులో అరగకుండా పెద్దపేగుకు చేరుతుంది. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు దాన్ని తిని పులియబెట్టి బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పెద్దపేగు గోడలోని కణాలకు ముఖ్యమైన తిండి అదే. అంటే నువ్వు బిర్యానీ పొట్లంతో రాత్రి గడిపేసినప్పుడు నీ నోరు తిన్నది గానీ నీ పేగు పస్తు ఉన్నది. ఇక జలుబు చేసినప్పుడల్లా మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకుని రెండు రోజులు వాడి ఆపేస్తావే, అది ఈ మేలు చేసే సూక్ష్మజీవుల్నీ చంపుతుంది, వరిలో పురుగుకని కొట్టిన మందు ఆ పురుగుల్ని తినే సాలీళ్లనూ తూనీగలనూ కూడా చంపినట్లే. తరువాత దోమపోటు వస్తే ఆపేది ఎవరు? మామూలు జలుబుకు ఆ మందు పనిచేయదు కూడా. జలుబు వైరసు వల్ల వస్తుంది.

సంక్రాంతి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, నీ బ్యాగు పక్క అరలో ప్యాంటోప్రజోల్ షీటు, అదే పొట్టలో ఆమ్లం తగ్గించే మాత్రలు, చూశాను. వెతకలేదు. దువ్వెన కోసం చెయ్యి పెడితే తగిలింది. షీటు సగం పైగా ఖాళీ. ఆ మాత్ర చెడ్డదని నేను అనను, పుండు పడి రక్తం కక్కేవాళ్లకు ప్రాణం నిలిపే మందు అది. డాక్టరు చెబితే పొద్దున్న టిఫినుకు అరగంట ముందు వేసుకోవాలి, చెప్పినన్ని వారాలే వేసుకోవాలి. నువ్వేమో మసాలా దోసె తిన్నాక నోట్లో వేసుకుంటున్నావు. పొట్టలో ఆమ్లం దేవుడు ఊరికే పెట్టలేదు. తిండితో వచ్చే క్రిముల్ని చంపేది అదే. ఆ ఆమ్లాన్ని నెలల తరబడి అణచి ఉంచితే పేగులకు అంటువ్యాధులు సోకే అవకాశం పెరుగుతుంది, బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది, మెగ్నీషియం పడిపోవచ్చు. పోనీ ఒక్కసారిగా మానేస్తే అణిగిన ఆమ్లం ఎగదన్నుకుని వస్తుంది, అప్పుడు ‘చూశావా, మాత్ర లేకపోతే నేను బతకలేను’ అంటావు. అందుకని డాక్టరును అడిగి మెల్లగా తగ్గించుకోవాలి. నువ్వు అసలు డాక్టరును అడిగే మొదలుపెట్టావా, లేక ఆఫీసులో ఎవరో ఇస్తే మింగావా?

మన వైపు అన్నీ గ్యాసే. గుండెలో నొప్పి గ్యాస్, నడుములో నొప్పి గ్యాస్, అల్లుడు అలిగినా గ్యాసే. పొట్ట పైభాగంలో మంట నెలల తరబడి పోకపోతే చూడవలసినవి వేరే ఉన్నాయి. అల్సరంటే కారం వల్ల, కంగారు వల్ల వస్తుందని డాక్టర్లు కూడా నమ్మిన రోజుల్లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్ అనే ఆయన 1984లో హెలికోబ్యాక్టర్ పైలోరి అనే క్రిమిని గ్లాసులో కలుపుకుని తానే తాగాడు. కొద్దిరోజుల్లో వాంతులు, కడుపులో వాపు. ఆ క్రిమిని కనిపెట్టినందుకు ఆయనకూ రాబిన్ వారెన్‌కూ 2005లో నోబెల్ ఇచ్చారు. ఎక్కువ అల్సర్లకు కారణం ఆ క్రిమి, లేకపోతే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు. నెల్లూరు కారం ఇన్నేళ్లూ అనవసరంగా తిట్లు తిన్నది. దానికి ఊపిరి పరీక్ష ఉంది, మల పరీక్ష ఉంది. కానీ నీ మాత్ర వేసుకుంటూ చేయిస్తే క్రిమి ఉన్నా కనబడకపోవచ్చు. ముందు రెండు వారాలు ఆ మాత్ర ఆపమంటారు. ఆ రోజు సెలైను పెట్టినవాళ్లు ఇలాంటి పరీక్ష ఏదైనా చేశారా? చేసి ఉంటే కాగితం ఉంటుంది కదా.

పరీక్ష మాట అటుంచి, పొద్దున్న అలవాటు సంగతి చెబుతాను. మీ బాబాయి సంగం కథ నీకు తెలుసు అనుకుంటున్నావు. నీకు తెలిసింది మీ పిన్ని చెప్పిన సగమే. ఆ బస్సులో ఆమె లేదు, నేను ఉన్నాను.

అప్పట్లో వాడు రైసుమిల్లులో గుమాస్తా. చీకటితో లేచి, ఒక టీ తాగి, సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. మిల్లులో మరుగుదొడ్డి లేదు. దారిలో కడుపు కదిలినా బిగబట్టి లెక్కలు రాసుకునేవాడు. బిగబట్టగా బిగబట్టగా అది అడగడమే మానేసింది. ఎవరో చెబితే నెల్లూరు చిన్నబజారులో సునాముఖి చూర్ణం కొనుక్కొచ్చి హార్లిక్స్ సీసాలో పోసి, దేవుడి పటాల పక్కనే పెట్టాడు. శనివారం రాత్రి ఒక చెంచా. కొన్నాళ్లకు ఒక చెంచా చాలక రెండు. ఆదివారమంతా ఇల్లు కదిలేవాడు కాదు. పొడి లేనిదే తన కడుపు కదలదని వాడికి గట్టి నమ్మకం.

పెళ్లిచూపులు ఆదివారం పడ్డాయి. ఆత్మకూరు అవతల పల్లె. ముందురోజు రాత్రి మానుకోరా అంటే వినలేదు, అలవాటు ప్రకారం రెండు చెంచాలు వేసుకున్నాడు. తెల్లవారాక చూసుకుంటే చలనం లేదు. బరువు కడుపుతో పిల్ల ఇంట్లో ఎలా కూర్చోవడమని వేడినీళ్లలో ఇంకో రెండు చెంచాలు కలుపుకుని తాగాడు. సునాముఖి పనిచేయడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. నన్ను అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. రాత్రి వేసింది ఇంకా దారిలోనే ఉందని వాడికి తెలియదు.

బస్సు సంగం చేరేసరికి వాడి ముఖం మారింది. తెల్ల ప్యాంటు, కొత్త చొక్కా, ఒళ్లో తాంబూలం పళ్ళెం. ఆ పళ్ళెం నా చేతిలో పెట్టాడు, గడియారం విప్పి మీ నాయనమ్మకు ఇచ్చాడు, ‘ఆపండి’ అని ఒక్క కేక వేసి, బస్సు పూర్తిగా ఆగకముందే దూకి కాలువగట్టు దిగిపోయాడు. కండక్టరు విసుక్కుంటున్నాడు. మీ నాయనమ్మ ఊరుకుంటుందా? ‘మావాడు శుభకార్యానికి వెళుతూ పెన్నమ్మకు దండం పెట్టుకోవడానికి దిగాడు నాయనా’ అని బస్సంతా వినేలా చెప్పింది. చాలాసేపటికి కూడా వాడు రాలేదు. వెనక సీటులో తలపాగా చుట్టుకున్న ముసలాయన, ‘గొప్ప భక్తుడమ్మా మీవాడు, ఇప్పటికి అష్టోత్తరం అయిపోయి సహస్రనామంలో పడి ఉంటాడు’ అన్నాడు. మీ పెదనాన్న కిటికీలోంచి తల బయటపెట్టి నవ్వుతూనే ఉన్నాడు. నేను పళ్ళెంలో అరటిపళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

అంతటితో అయిపోయిందనుకున్నాము. తెల్లవారి తాగింది ఒకటి ఉందిగా. మధ్యాహ్నం పిల్ల కాఫీ గ్లాసులు తెచ్చి వంగి ఇస్తున్న సమయం. పిల్ల తండ్రి ఎంతో మర్యాదగా, ‘అబ్బాయి ఏమైనా అడగదలచుకుంటే అడగవచ్చు’ అన్నాడు. మీ బాబాయి లేచి నిలబడి, ‘చెంబు ఎక్కడుందండీ?’ అన్నాడు.

పిల్ల లోపలికి పరుగెత్తి ఎంతసేపు నవ్విందో వీధిలో వాళ్లకు కూడా వినబడింది. సంబంధం తప్పిపోయిందని దారంతా మీ నాయనమ్మ ఏడుస్తూ వచ్చింది. మర్నాడు కబురు వచ్చింది, పిల్లకు ఇష్టమేనని. డాంబికం లేని మనిషి అని అన్నదట.

మీ పిన్ని కాపురానికి వచ్చి చేసిన మొదటి పని ఆ హార్లిక్స్ సీసా కడిగి ఆవాలు పోసుకోవడం. ఇప్పటికీ వాళ్ల వంటింట్లో ఉంది, మూత మారింది. ఆమె ఏ పుస్తకం చదవలేదు. ఇంకాస్త ముందే లేపేది. వేడినీళ్లు, తరువాత చద్దన్నంలో మజ్జిగ పోసి ఉల్లిపాయతో పెట్టేది. తిన్న వెంటనే సైకిలు తాళం కొంగున ముడేసుకుని, ‘వెళ్లి కూర్చుని రండి, వచ్చినా రాకపోయినా సరే’ అనేది. మిల్లు యజమాని కేకలు వేసినా తాళం ఇచ్చేది కాదు. రాత్రికి జొన్న సంకటి, గోంగూరో తోటకూరో. మొదట్లో ఉపయోగం లేదు. కడుపు ఉబ్బిందని, పొడి తెచ్చుకుంటానని వాడు అలిగాడు. నెలలు పట్టింది, ఆ తరువాత గడియారం చూసుకోవచ్చు. ఖాళీ పొట్టలో ఏదైనా పడగానే పెద్దపేగు కదులుతుంది, పొద్దున్న పూట ఆ కదలిక బలంగా ఉంటుంది. ఆ పిలుపుకు లేచామా, పని సులువు. లేవకపోతే పెద్దపేగు నీరు పీల్చుకుంటూ పోతుంది, మలం రాయి అవుతుంది.

నువ్వు తొమ్మిదికి లేచి తొమ్మిదిన్నరకు కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆ పిలుపు వినేదెవరు? ఒక గంట ముందు లేవడానికి ఏమి? కూర్చున్నప్పుడు ఫోను బయట పెట్టు. మీ ఇంట్లో కుర్చీ దొడ్డి కాబట్టి కాళ్ల కింద చిన్న పీట వేసుకుని మోకాళ్లు పైకి వచ్చేలా కూర్చో, గొంతుకూర్చున్నట్లు. పేగు చివర మెలిక సర్దుకుని దారి సూటి అవుతుంది. పాత పీట ఒకటి పార్సిల్లో పెట్టబోతే డబ్బా మూత పడలేదు.

చద్దన్నం అన్నానని రాత్రి బయట వదిలేసిన ఫ్రైడ్ రైసు పొద్దున్న తినేవు, అది వేరు. వండిన అన్నం గంటల తరబడి అలాగే వెచ్చగా ఉంటే బ్యాసిల్లస్ సీరియస్ అనే క్రిమి పెరిగి విషం చేస్తుంది, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. చద్దన్నానికి శుభ్రమైన గిన్నె కావాలి, చల్లారిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి మంచి పెరుగు తోడు వేయాలి, పులుపు ఎక్కాలి. హైదరాబాదు ఎండల్లో అనుమానంగా ఉంటే ఫ్రిజ్‌లో పెట్టుకున్న అన్నంలో అప్పటికప్పుడు మజ్జిగ పోసుకో, చాలు. పాలు తాగితే ఉబ్బరంగా ఉంటుందని చిన్నప్పుడే అనేదానివి. పెరుగులో ఆ పాలచక్కెరను క్రిములు కొంత తినేసి ఉంటాయి కాబట్టి నీకు పడుతుంది. డబ్బాలో కొనే తియ్యటి పెరుగు కాదు, ఇంట్లో తోడు పెట్టింది.

ఆకుకూర అన్నప్పుడల్లా ముఖం తిప్పుతావు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో చనిపోయారు. పేగు గోడ పాడై తిన్నది ఒంటికి పట్టదు, మనిషి విరేచనాలతో ఎండిపోతాడు. ఆయనకూ వచ్చింది, బతికి బయటపడ్డాడు. తరువాత అమెరికా వెళ్లి, 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ జబ్బుకు ఇచ్చే మందుల్లో అదీ ఒకటి. గర్భిణులకు మేము పంచిన ఎర్ర మాత్రల్లో ఇనుముతో పాటు ఉన్నది అదే. తోటకూరలో, గోంగూరలో, పెసల్లో సహజంగా ఉన్నదీ అదే. అన్నదమ్ములను మింగిన జబ్బు మీద పగ తీర్చుకున్న మనిషి మనవాడు. నువ్వు ఆకులు ఏరి పళ్ళెం అంచున పెడతావు.

విరేచనాల సంగతి ఎత్తాను కాబట్టి, ఆ రాత్రి నీకు వాంతులా, విరేచనాలా? మస్తానయ్య కొడుకు చెప్పలేదు. విరేచనాలే అయితే సెలైను దాకా వెళ్లనక్కరలేదు, నోటితో తాగగలిగినంతవరకు. 1989 నవంబరులో తుపాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. బావులన్నీ బురద. వెయ్యి లీటర్లకు 2.5 గ్రాముల లెక్కన బ్లీచింగ్ పౌడరు కలిపి, గంట ఆగి, క్లోరిన్ ఉందో లేదో పరీక్ష గొట్టంలో చుక్కలు వేసి చూసుకుంటూ ఊరూరూ తిరిగాము. ఓఆర్ఎస్ ప్యాకెట్లు (విరేచనాలకు నీళ్లలో కలిపి తాగించే పొడి) అయిపోయినచోట లీటరు కాచిన నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తలకొట్టు కొలత, అంతే. పసిపిల్లలు మా కళ్లముందే లేచి కూర్చున్నారు. నీ వంటింట్లో ఉప్పు, చక్కెర ఉన్నాయా? రంగు డబ్బాల్లో పళ్ల రుచితో అమ్మేవి తాగకు. అలాంటివాటి మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఏళ్ల తరబడి పోరాడి సాధించింది మీ హైదరాబాదులోని పిల్లల డాక్టరమ్మే. ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొను.

కంగారు వల్ల అల్సరు రాదన్నాను గానీ కడుపు చెడదని అనలేదు. పేగుకు సొంత నరాల వ్యవస్థ ఉంది, నరాల మధ్య కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనం ఒంట్లో 90 శాతం దాకా తయారయ్యేది అక్కడే. పరీక్షలనగానే నీకు పొద్దున్నే కడుపు కదిలేది, గుర్తుందా? ఇప్పుడు మీ మేనేజరు రాత్రి పదింటికి మెసేజ్ పెడితే ఆ మెసేజ్ నీ పేగు కూడా చదువుతుంది. ఆ కందుకూరు సంబంధం గురించి మీ అమ్మ ఇక ఎత్తదు, నేను చెప్పాను. వాళ్లకు కూడా తొందరేమీ లేదని చెప్పేశాము. నిద్ర సరిగ్గా పట్టించుకో. తిన్నాక మేడమీద పది నిమిషాలు నడువు.

ఇంకొకటి రాసి ఆపుతాను. మలంలో రక్తం కనబడినా, మలం తారులా నల్లగా ఉన్నా (ఇనుము మాత్రలు వేసుకుంటే నల్లగా వస్తుంది, దానికి భయపడకు), తగ్గాలనుకోకుండానే బరువు తగ్గినా, మింగడం కష్టమైనా, నిద్రలోంచి లేపేంత నొప్పి వచ్చినా, పొడులూ గుగ్గిళ్లూ పక్కన పెట్టి జీర్ణకోశ వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. నాన్న ఉత్తరంతో తగ్గేవి కావు అవి. సంక్రాంతికి నీ గాజులు వదులుగా ఉన్నాయని మీ అమ్మ అప్పుడే అన్నది. అది ఫ్యాషన్ అన్నావు. వదిన దగ్గర మాట తీసుకున్నావట, మాకు చెప్పవద్దని. ఆమె మాట తప్పలేదు, కానీ ఆ ముఖం చూస్తే చిన్నోడికి కూడా తెలిసిపోతుంది.

నేను కోప్పడను. ఆసుపత్రి కాగితాలు, స్కాను తీస్తే అది, రక్తపరీక్షల రిపోర్టు అన్నీ ఒక కవరులో పెట్టి ఉంచు. పారేశానని చెప్పకు, చిన్నప్పటి బస్సు టికెట్లు కూడా దాచుకున్న పిల్లవు నువ్వు.

శుక్రవారం రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్‌కు మీ అమ్మకూ నాకూ టికెట్లు తీశాను. సెలవు పెట్టవద్దు, స్టేషనుకు రావద్దు, ఆటో చేసుకుని మేమే వస్తాము. వాచ్‌మన్‌కు మా పేర్లు చెప్పి ఉంచు. పోయినసారి గేటు దగ్గర నిలబెట్టి మీ అమ్మ సంచీలో చెయ్యి పెట్టి వెతికాడు. తోడు పెరుగు స్టీలు గిన్నెలో మేమే తెస్తాము, నువ్వు పాలు మాత్రం కొని ఉంచు. శనివారం పొద్దున్న డాక్టరు అపాయింట్‌మెంట్ దొరికితే చూడు, దొరక్కపోతే నేను వచ్చి వరుసలో కూర్చుంటాను, నాకు పనేముంది.

పార్సిల్ ఆర్టీసీ కార్గోలో మంగళవారానికి చేరుతుంది, ఫోను వస్తే ఎత్తు. నువ్వుల పొడి సీసా మూత బిగుసుకుపోయింది, చెంచా కాడ పెట్టి లేపితే వస్తుంది.

ఇట్లు,
నాన్న